ప్లికర్స్ కార్డులు: పక్కవాడికి కనిపించని జవాబు

"అర్థమైందా?" అని అడిగితే "అయింది మేడమ్" అనే క్లాసు ప్రతి లెక్చరర్‌కూ తెలిసిందే. ఆ మాట అనేది ముందు బెంచీల్లో ఉండే నలుగురు. మిగతావాళ్లు తల ఊపుతారు. ఈ తల ఊపుడు మీద నాకు పాత కక్ష ఉంది. ప్లికర్స్ కార్డులు కొన్నేళ్లుగా వదలకుండా వాడుతున్నానంటే ఆ కక్షతోనే.

యాప్ ఎలా పెట్టుకోవాలో, కార్డులు ఎలా ప్రింట్ తీసుకోవాలో ఇక్కడ రాయను, వీడియోలు బోలెడున్నాయి. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: ప్రతి విద్యార్థికీ ఒక నంబరున్న కార్డు ఉంటుంది, దాని నాలుగు అంచుల దగ్గర ఎ, బి, సి, డి అని ఉంటాయి. తన జవాబు పైకి వచ్చేలా కార్డు ఎత్తి పట్టుకుంటే నేను ఫోన్ కెమెరా క్లాసంతా తిప్పుతాను. ఎవరేం చెప్పారో నా ఫోన్‌లోకి వచ్చేస్తుంది.

నన్ను కట్టిపడేసింది ఒక్క విషయం. కార్డు మీద అక్షరాలు బాగా చిన్నవి, మధ్యలో నల్ల బొమ్మ ఒక్కో కార్డుకు ఒక్కోలా ఉంటుంది. పక్కవాడు ఎంత తొంగి చూసినా జవాబు పట్టుకోలేడు.

ఇదంత గొప్పా అని అడిగేవాళ్లు మా క్లాసు చూడాలి. రాయలసీమలో ఓ డిగ్రీ కాలేజీ, నేను చెప్పేది బీఏ ఎకనామిక్స్. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చినవాళ్లకు వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందన్న లెక్క, బాగానే తెలుసు, దాన్నే ఇంగ్లీషులో ఎలాస్టిసిటీ అనగానే బిగుసుకుపోతారు. సబ్జెక్టు రాక కాదు, నోరు తెరిస్తే ఇంగ్లీషు తప్పు పోతుందని, వెనకనుంచి ఎవరో నవ్వుతారని. కార్డు ఎత్తడానికి ఇంగ్లీషుతో పని లేదు, ధైర్యం కూడా పెద్దగా అక్కర్లేదు.

2023 జూలైలో టమాటా కిలో వంద దాటిన రోజులవి. అదే ప్రశ్నగా వేశాను: ధర పెరిగి జనం తక్కువ కొన్నారు, ఇది డిమాండ్ రేఖే (ఏ ధరకు జనం ఎంత కొంటారో చూపే గీత) పక్కకు జరగడమా, ఉన్న రేఖ వెంబడే కదలికా? అంతకు ముందే పాఠం చెప్పాను, అందరూ తల ఊపారు. కార్డులు లేచాక చూస్తే సగం పైగా తప్పు. "అయింది మేడమ్" అన్న నలుగురిలో ఇద్దరు కూడా అందులో ఉన్నారు. సరిగ్గా చెప్పినవాళ్లలో, అప్పటిదాకా నేను గొంతే వినని ఒకమ్మాయి ఉంది. వాళ్లింట్లో టమాటా సాగు. రేఖలు ఆమెకు కొత్తగానీ రేట్లు కొత్త కాదు.

ఆ తర్వాత చేయాల్సింది నా సొంత తెలివేం కాదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి చేస్తున్న పద్ధతే. సరైన జవాబులు మరీ తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, మరీ ఎక్కువైతే ముందుకు వెళ్లాలి. నూటికి ముప్పై, డెబ్బై మధ్యలో ఉంటే పక్కవాళ్లతో వాదించుకోమని వదిలేసి, మళ్లీ జవాబు అడగాలి. ఏ జవాబుకు ఎందరో చూపే మొదటిసారి గ్రాఫ్ మాత్రం చూపించకూడదు, చూపిస్తే అందరూ పెద్ద కడ్డీ వైపు దూకేస్తారు. వాదన తెలుగులోనే సాగుతుంది, నేను అడ్డు చెప్పను.

ఫోన్‌తో జవాబిచ్చే పోల్స్ కూడా వాడి చూశాను. చూడ్డానికి అందంగా ఉంటాయి. కానీ ఒకరికి డేటా అయిపోయి ఉంటుంది, ఇంకొకరి ఫోన్ ఇంట్లో అన్న దగ్గర ఉంటుంది. ఆ ఒకరిద్దరు ఎవరో క్లాసందరికీ తెలిసిపోతుంది. కార్డు దగ్గర ఆ తేడా లేదు.

లేదు అనే అనుకున్నాను, తర్వాతి బ్యాచ్‌లో చూపు లేని కుర్రాడొకడు చేరేదాకా. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఫోన్ నాకంటే వేగంగా వాడతాడు. ఫోన్ పోల్ అయితే అతనికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఫోన్ లేనివాళ్ల కోసం తెచ్చిన కార్డే అతనికి అడ్డమైంది. కాగితం మీద అచ్చు కదా, తడిమితే నాలుగు అంచులూ ఒక్కలాగే ఉంటాయి. మొదటి రోజు పక్కనున్న అబ్బాయి కార్డు తిప్పి చేతికిచ్చాడు. అంటే జవాబు ముందు ఆ అబ్బాయికి చెప్పాలి. "నాది వాడికి తెలిసినాక ఇంక ఈ అట్టెందుకు మేడమ్, నోటితోనే చెబుతా" అన్నాడు. న్యాయమైన మాటే.

బ్రెయిలీ లేబుళ్లు ఎక్కడ దొరుకుతాయా అని నేను వాకబు చేస్తుండగానే ముందు బెంచీ అమ్మాయి పర్సులోంచి స్టికర్ బొట్టు తీసి, కార్డు వెనక ఎ అంచు దగ్గర అంటించేసింది. వేలికి అదొక్కటి తగిలితే చాలు, మిగతా మూడూ వరసలో లెక్కేసుకుంటాడు. చెమటకు బొట్టు ఊడిపోతుంటే తర్వాత చొక్కా గుండీ అతికించాం. పక్కవాడి సాయం అక్కడితో ఆగింది.

కార్డు సరే, ప్రశ్న మాటేమిటి? అప్పటిదాకా తెర మీద వేస్తే సరిపోయేది. ఇప్పుడు నాలుగు జవాబులతో సహా పైకి చదవాలి, చదివాక ఓసారి తెలుగులో చెప్పాలి. ఒక్క ఊపిరిలో చదవలేని ప్రశ్న రాయడం మానేశాను. బొమ్మ చూసి చెప్పే ప్రశ్నల్ని చాలావరకు మాటల్లోకి, అంకెల్లోకి మార్చాను. దీనివల్ల ఎక్కువ బాగుపడింది తెలుగు మీడియం పిల్లలే. ఉదాసీనత వక్రాలకు (ఒకే తృప్తినిచ్చే వస్తువుల కలయికలను చూపే గీతలు) మాత్రం మాటలు చాలలేదు. అట్ట మీద ఫెవికాల్‌తో దారం అంటించి వక్రం, ఉన్న డబ్బుతో ఎంత కొనగలమో చూపే బడ్జెట్ రేఖ చేసిచ్చాం. రెండూ తాకే చోట వేలు పెట్టి "సమతౌల్యం ఇక్కడేనా మేడమ్" అన్నాడు. పరీక్షల ముందు చూపున్నవాళ్లు కూడా ఆ అట్ట అడిగి తీసుకుంటున్నారు.

జవాబు ఎవరికీ కనిపించదని పైన తెగ పొగిడాను కదా. పక్కవాడికి కనిపించదు, నాకు పేరుతో సహా కనిపిస్తుంది. పిల్లలు చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. డిపార్ట్‌మెంట్‌లో పెద్దలకు మాత్రం ఇంత చక్కటి డేటా వృథా పోవడం నచ్చలేదు. ఇంటర్నల్ మార్కుల్లో కలపమన్నారు. ఇక చూడండి, ఫస్ట్ వచ్చే అమ్మాయి కార్డు ఎత్తేదాకా ఒక్కరూ ఎత్తరు. ముక్కు గోక్కుంటే ఎ, చెవి పట్టుకుంటే బి. కార్డులో కనిపించని జవాబు మొహాల మీద కనిపించేది. గ్రాఫ్‌లో ఒకే ఒక్క కడ్డీ నిటారుగా నిలబడితే ఆ పెద్దలు దాన్ని ఫొటో తీసి ఫైల్లో కూడా పెట్టుకున్నారు. నానా తంటాలు పడి మార్కులు తీసేయించాను. ఆ బ్యాచ్‌లో మాత్రం పాత నిజాయితీ పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పుడు కొత్త బ్యాచ్‌కు మొదటి రోజే చెప్పేస్తున్నాను: మీ జవాబు నాకు తెలుస్తుంది, దానికి మార్కు మాత్రం ఉండదు.

చిన్న సంగతులు కొన్ని. జిరాక్స్ షాపులో మెరిసే లామినేషన్ చేయించొద్దు, ట్యూబ్‌లైటు వెలుగు పడి కెమెరాకు కార్డు దొరకదు. మెరుపు లేనిది అడగండి, లేదా మందపు కాగితంతో సరిపెట్టుకోండి. కార్డు పట్టుకునేటప్పుడు వేళ్లు నల్ల బొమ్మ మీదికి రాకూడదు. యాప్ ఉచిత ఖాతాలో ఒక ప్రశ్నల సెట్‌కు ఐదే ప్రశ్నలు. నాకది చాలు, మూడో ప్రశ్నకే గంట కొట్టేస్తారు.

కొనమనో వద్దనో చెప్పలేను, ప్రింటు ఖర్చు తప్ప పెట్టేదేమీ లేదు కూడా. నాది నాలుగు జవాబుల్లో ఇమిడే ప్రశ్నలున్న సబ్జెక్టు. లెక్క మొత్తం చేసి చూపించాల్సిన సబ్జెక్టులకు, పద్యం మీద అభిప్రాయం చెప్పించాల్సిన క్లాసులకు ఇది ఎంతవరకు పనికొస్తుందో ఆ మాస్టార్లే తేల్చుకోవాలి. మార్కులు కలపమని ఒత్తిడి చేసే చోటైతే మొదలుపెట్టకపోవడమే నయం. ఇంకొకటి, కార్డుల సెట్టు మామూలుది నలభై, పెద్దది అరవై మూడు. మా రిజిస్టర్లో అంతకంటే ఎక్కువమందే ఉన్నారు. రోజూ వచ్చేవాళ్లకైతే మాత్రం ఎప్పుడూ తక్కువ పడలేదు.