సింఫనీ డిప్రికేషన్ కాంట్రాక్ట్స్: చాలాకాలం వాడాక

స్ట్రింగులు, అర్రేల మీద పనిచేసే చిన్న ఫంక్షన్ల పీహెచ్‌పీ లైబ్రరీలో పాతవాటిని తీసేసే ముందు వాడేవాళ్లను హెచ్చరించడానికి (దీన్నే డిప్రికేషన్ అంటారు) సింఫనీ డిప్రికేషన్ కాంట్రాక్ట్స్ అనే ఈ ప్యాకేజీ వాడుతున్నాను. ఇందులో ఉన్నది ఒకే ఒక్క ఫంక్షన్, ట్రిగ్గర్_డిప్రికేషన్. ప్యాకేజీ పేరు, వెర్షన్, సందేశం ఇస్తే మూడింటినీ ఒక వాక్యంగా కూర్చి ఈ_యూజర్_డిప్రికేటెడ్ స్థాయిలో, అంటే ప్రోగ్రాం ఆగని హెచ్చరిక స్థాయిలో, ఎర్రర్ లేపుతుంది. ఈమాత్రానికి ఇంకో డిపెండెన్సీ దేనికి అనిపిస్తుంది గానీ, హెచ్చరికలన్నీ ఒకే మూసలో ఉండటం వల్ల లాగ్‌లో ప్యాకేజీ పేరు కొట్టి వెతికితే చాలు, అన్నీ బయటపడతాయి.

దీని అసలు గుణం మౌనం. లోపల ఎర్రర్‌ను అణచే @ గుర్తుతో పిలుస్తుంది కాబట్టి మామూలుగా తెర మీద ఏమీ కనబడదు, సొంత ఎర్రర్ హ్యాండ్లర్ (ఎర్రర్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) పెట్టుకున్నవాళ్లకు మాత్రం అందుతుంది. చిక్కు కూడా ఇక్కడే. అణచిన ఎర్రర్లను వదిలేయడానికి చాలా పాత హ్యాండ్లర్లు ఏయే ఎర్రర్లు ఆన్‌లో ఉన్నాయో చెప్పే ఎర్రర్_రిపోర్టింగ్ విలువ సున్నానా అని చూస్తాయి. పీహెచ్‌పీ 8.0 నుంచి @ కింద ఆ విలువ సున్నా కాదు, అన్ని ఎర్రర్లూ ఆన్‌లో ఉంటే 4437. దాంతో ఆ తనిఖీ తప్పి, నోరెత్తకూడని హెచ్చరిక ఎక్సెప్షన్‌గా మారి పేజీనే పడగొడుతుంది. విలువను సున్నాతో పోల్చకుండా, వచ్చిన ఎర్రర్ నంబరుతో బిట్‌వైజ్ అండ్ చేయాలి, అంటే ఆ ఎర్రర్ బిట్ విలువలో ఉందా అని చూడాలి. ఈ_యూజర్_డిప్రికేటెడ్ అంటే 16384, ఆ బిట్ 4437లో లేదు, కాబట్టి హ్యాండ్లర్ దాన్ని వదిలేస్తుంది. లైబ్రరీ వాళ్లు దీన్ని రీడ్‌మీలో రెండు ముక్కలు రాసిపెడితే చాలా ఫిర్యాదులు ముందే తప్పుతాయి.

మౌనంగా ఉండేది ఎవరికీ వినబడదు కూడా, అందుకే టెస్టుల్లో దాన్ని బయటికి లాగాలి. సింఫనీ పీహెచ్‌పీయూనిట్ బ్రిడ్జ్‌లో (టెస్టుల్లో వచ్చే ఈ హెచ్చరికలను లెక్కించే సాధనం) సెల్ఫ్ (మన కోడే లేపేవి), డైరెక్ట్ (మన కోడ్ నేరుగా పిలిచిన ఇతరుల ప్యాకేజీలు లేపేవి) రెండింటికీ పరిమితి సున్నా పెట్టి, ఇన్‌డైరెక్ట్‌ను వదిలేయడం నాకు సరిపోయింది. ఇన్‌డైరెక్ట్ అంటే ఇంకొకరి ప్యాకేజీలు తమలో తాము చేసుకునే పిలుపులు, వాటికి మన బిల్డ్ ఎర్రబడటం అర్థం లేని పని.

ట్రిగ్గర్_డిప్రికేషన్ కోడ్ నడిచినప్పుడే మాట్లాడుతుంది. కాబట్టి డాక్‌బ్లాక్‌లో (ఫంక్షన్ పైన రాసే వివరణ కామెంటులో) @డిప్రికేటెడ్ కూడా ఉండాలి, ఎడిటర్లు పేరు కొట్టేసి చూపించేది, కోడ్ నడపకుండానే తనిఖీ చేసే పీహెచ్‌పీస్టాన్ డిప్రికేషన్ రూల్స్ పట్టుకునేది దాన్నే. పీహెచ్‌పీ 8.4లో వచ్చిన డిప్రికేటెడ్ అట్రిబ్యూట్ రెండు పనులూ చేస్తుంది గానీ, ఎర్రర్‌ను ఇంజిన్ నేరుగా లేపుతుంది, @ అడ్డు ఉండదు. 8.4లో దాన్ని క్లాసు మీద పెట్టలేం. పీహెచ్‌పీ 7 కూడా నడవాలంటే అట్రిబ్యూట్ మొత్తం ఒకే లైనులో ఉండాలి. అక్కడ అది వట్టి కామెంటు, రెండో లైనుకి జారితే పార్స్ ఎర్రర్.

ఎక్కువ తలనొప్పి క్లాసు పేరు మార్చడంలో ఉంది. పారామీటర్ టైప్ సరిచూసేటప్పుడు పీహెచ్‌పీ ఆటోలోడ్ చేయదు, అంటే ఆ పేరున్న క్లాసు ఫైలును తనంతట తాను తెరవదు. అందుకని ఒక క్లాసుకు ఇంకో పేరు తగిలించే క్లాస్_ఏలియాస్‌ను పాత పేరున్న ఫైల్లో పెడితే, కొత్త క్లాసు ఆబ్జెక్టును పాత పేరు టైప్‌హింట్‌కు పంపినప్పుడు టైప్‌ఎర్రర్ వస్తుంది. ఏలియాస్ కొత్త ఫైలు చివర ఉండాలి. పాత ఫైలు క్లాస్_ఎగ్జిస్ట్స్‌తో కొత్తదాన్ని లోడ్ చేసి, హెచ్చరిక ఇచ్చి ఊరుకోవాలి. దానిలోనే ఇఫ్ ఫాల్స్ బ్లాకులో పాత పేరుతో ఒక ఖాళీ క్లాసు ఉంచితే ఎడిటర్లకు తెలుస్తుంది. ఇంత చేసినా, కొత్త క్లాసు ముందే లోడయి ఉంటే పాత ఫైలు తెరుచుకోదు, హెచ్చరికా రాదు. ఇది ఈ ప్యాకేజీ లోపం కాదు, కానీ హెచ్చరికలు లేవు కాబట్టి పాత పేరు ఎవరూ వాడట్లేదనుకుని తీసేస్తే మాత్రం దెబ్బ తగులుతుంది.

ఫంక్షన్ల విషయంలో అంత గొడవ లేదు. 8.0 నుంచి నేమ్డ్ ఆర్గ్యుమెంట్లు (పారామీటర్ పేరు రాసి విలువ పంపడం) వచ్చాయి కాబట్టి పారామీటర్ పేరు మార్చడం కూడా కోడ్ విరగ్గొట్టడమే. పెద్ద లూపులో పిలిచే ఫంక్షన్ అయితే ప్రతి పిలుపుకీ హ్యాండ్లర్ నడుస్తుంది. స్టాటిక్ ఫ్లాగ్ పెట్టి ఒక్కసారే చెప్పించొచ్చు, కాకపోతే అప్పుడు టెస్టుల ఫలితం అవి నడిచే వరుసను బట్టి మారుతుంది. నేనైతే ఫ్లాగ్ పెట్టను. హెచ్చరికలు అసలే వద్దనుకునే అప్లికేషన్ వాళ్లు కంపోజర్ (పీహెచ్‌పీ ప్యాకేజీలు తెచ్చిపెట్టే సాధనం) ఆటోలోడ్‌కు ముందే ట్రిగ్గర్_డిప్రికేషన్ పేరుతోనే ఖాళీ ఫంక్షన్ రాసుకోవచ్చు, ప్యాకేజీ దాన్ని తిరగరాయదు.

కంపోజర్‌లో ఈ ప్యాకేజీ 2.5, 3 రెండు వరుసలనూ అనుమతించండి. 2.5కి పీహెచ్‌పీ 7.1 చాలు, 3కి 8 కావాలి. ఒక్క 3కే కట్టేస్తే, 2 దగ్గర ఆగిన ఇంకో లైబ్రరీతో కలిపి మీది ఇన్‌స్టాల్ కాదు. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపే వ్యవస్థలో) అతి తక్కువ పీహెచ్‌పీ వెర్షన్‌ను, డిపెండెన్సీల అతి పాత వెర్షన్లను తెచ్చే ప్రిఫర్-లోయెస్ట్‌తో, అన్నిటికంటే కొత్తదాన్ని మామూలు అప్‌డేట్‌తో నడిపితే ఈ తేడాలు విడుదలకు ముందే దొరుకుతాయి.