మోకాలి లిగమెంటు ఆపరేషన్ తర్వాత బరువులతో రెండేళ్లు

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. మోకాలి ఎముకలను కట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటుకు ఆపరేషన్ జరిగాక, నా మోకాలిని మళ్లీ నమ్ముకోగలిగేలా చేసింది బరువులతో చేసిన వ్యాయామమే. తెగిన లిగమెంటు స్థానంలో గ్రాఫ్ట్, అంటే వేరేచోట నుంచి తీసిన కణజాలం, అమర్చడంతో సర్జన్ పని పూర్తవుతుంది. కరిగిపోయిన తొడ కండరాన్ని తిరిగి తెచ్చుకోవడం మాత్రం ఆ తర్వాత నెలల తరబడి మనం చేయాల్సిన పని. ఈ రెండేళ్లలో రెసిస్టెన్స్ బ్యాండ్లు, చీలమండకు కట్టే బరువులు, లెగ్ ప్రెస్, లెగ్ ఎక్స్‌టెన్షన్ యంత్రం, డంబెళ్లు, తొడకు చుట్టే కఫ్ అన్నీ వాడాను. అన్నిటికీ ఒకే మార్కులు వేయలేను. కొన్ని మొదటి వారాల్లో ఎంతో పనికొచ్చి, తర్వాత చాలకుండా పోయాయి. చాలామంది వద్దని భయపెట్టే యంత్రమొకటి అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది.

నాకు గ్రాఫ్ట్‌ను అదే కాలి హామ్‌స్ట్రింగ్ టెండన్ల నుంచి, అంటే తొడ వెనక కండరాలను ఎముకకు కలిపే పట్టీల నుంచి, తీశారు. మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌కు కుట్లు పడలేదు. ఈ రెండూ చెప్పకుండా ఎవరికీ సలహా ఇవ్వకూడదు. మెనిస్కస్‌కు కుట్లు వేసినవారిని మొదటి వారాల్లో బరువు మోస్తూ మోకాలిని 90 డిగ్రీలు దాటి వంచవద్దంటారు. మోకాలి చిప్ప కింది టెండన్ నుంచి గ్రాఫ్ట్ తీసినవారిని చిప్ప ముందు నొప్పి చాలాకాలం వేధించవచ్చు. నాలాంటివారు తొడ వెనక కండరానికి బరువు పెట్టడానికి కొన్ని వారాలు ఆగాలి. అందుకే ఎవరికైనా వారి సర్జన్, ఫిజియోథెరపిస్టు గీసిన గీతే మొదటి మాట. నేను రాస్తున్నది ఆ గీత లోపల బరువును ఎలా వాడుకోవచ్చన్న సంగతి.

ఆపరేషన్ అయిన కొత్తలో తొడ ముందు కండరం, అంటే క్వాడ్రిసెప్స్, మన మాట వినదు. మోకీలులో వాపు ఉన్నంతకాలం ఆ కండరానికి వెళ్లే నాడీ సంకేతాలే తగ్గిపోతాయి. మనం పళ్లు బిగపట్టి ప్రయత్నించినా అది పూర్తిగా బిగుసుకోదు. ఈ దశలో బరువుల గురించి ఆలోచించడం అనవసరం. వాపు తగ్గాలి, మోకాలు పూర్తిగా నిటారుగా చాపుకోగలగాలి, కండరం మేలుకోవాలి. కాలు చాపుకుని కూర్చుని, చిప్పకు కాస్త పైన లోపలివైపు ఉబ్బెత్తుగా ఉండే కండరం మీద రెండు వేళ్లు ఆనించి బిగించేవాణ్ని. మొదట్లో వేళ్ల కింద సన్నని వణుకు మాత్రమే తెలిసేది, చిప్ప కదిలేది కాదు. కొన్నాళ్లకు బిగించిన వెంటనే చిప్ప తొడవైపు జరగడం కళ్లారా కనిపించింది. ఆ తర్వాతే మోకాలు సడలకుండా కాలిని పైకి ఎత్తగలిగాను. ఫిజియోథెరపిస్టు కండరం మీద ప్యాడ్లు అంటించి విద్యుత్ ప్రేరణ కూడా ఇచ్చారు. అది పనిచేస్తుంది, కానీ కరెంటు తగిలినప్పుడు మనం కూడా ఇష్టపూర్వకంగా బిగించాలి. ఊరికే పడుకుని ఫోను చూసుకుంటూ ఉంటే అంత లాభం ఉండదు.

తర్వాత బ్యాండ్లు వచ్చాయి. తుంటి పక్క కండరాలకు, పిరుదులకు అవి చాలా మంచివి. బ్యాండును మోకాళ్ల పైన చుట్టుకుని పక్కకు అడుగులు వేయడం ఇప్పటికీ నా వార్మప్‌లో భాగమే. అయితే క్వాడ్రిసెప్స్‌ను పెంచడానికి బ్యాండ్ల మీదే ఆధారపడకూడదని గట్టిగా చెబుతాను. బ్యాండు సాగేకొద్దీ బరువెక్కుతుంది. కూర్చుని దానితో మోకాలు చాపితే, మోకాలు వంగి ఉన్నప్పుడు దాదాపు బరువే ఉండదు, నిటారయ్యే చివర్లో అంతా మీద పడుతుంది. గ్రాఫ్ట్ మీద లాగుడు ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ చివరి 30 డిగ్రీల్లోనే. కండరానికి బరువు కావాల్సిన చోట అది దొరకదు, గ్రాఫ్ట్‌కు వద్దన్న చోట దొరుకుతుంది. పైగా కొలత కుదరదు. రంగు మారితే బలం పెరిగిందనుకుంటాం కానీ, అదే రంగు బ్యాండును ఒక జానెడు దూరంలో కడితే లెక్కంతా మారిపోతుంది.

కఫ్ సంగతి వేరు. తొడ పైభాగంలో గాలి నింపే కఫ్ చుట్టి, కాలిలోకి వచ్చే రక్తాన్ని కొంత తగ్గించి, తిరిగి వెళ్లే రక్తాన్ని ఆపి, తేలిక బరువుతో వ్యాయామం చేయిస్తారు. ఒక్కసారి మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువులో 20 నుంచి 30 శాతం సరిపోతుంది. మొదటి సెట్‌లో, అంటే ఆగకుండా చేసే మొదటి వరుసలో, 30 సార్లు, ఆపైన 15 చొప్పున మూడు సెట్లు, మధ్యలో 30 సెకన్ల విరామం. రెండో సెట్ సగానికి వచ్చేసరికి తొడ భగ్గుమంటుంది, మోకీలు మీద మాత్రం పెద్ద భారం పడదు. భారీ బరువు పెట్టకూడని వారాల్లో నా కండరం మరింత కరగకుండా ఆపింది ఇదేనని నమ్ముతున్నాను. కానీ కఫ్‌లో ఒత్తిడిని ఎవరి కాలికి తగినట్టు వారికి కొలిచి పెట్టాలి. రక్తం గడ్డకట్టిన చరిత్ర, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు దీని జోలికి పోకూడదు. ఏదో పట్టీ తెచ్చి తొడకు బిగించుకుని సొంతంగా ప్రయోగాలు చేయడం ప్రమాదం. భారీ బరువులకు అనుమతి దొరికాక నేను దీన్ని పక్కన పెట్టేశాను. బలం పెంచడంలో అసలు బరువుకు ఇది సాటి కాదు.

ఇక లెగ్ ప్రెస్. అందరికీ నచ్చే యంత్రం ఇది, నాకూ నచ్చింది. పాదం పలకకు ఆని ఉంటుంది, తుంటి, మోకాలు, చీలమండ మూడూ కలిసి తోస్తాయి, భయం వేయదు. దాని లోపమూ అక్కడే ఉంది. రెండు కాళ్లతో తోస్తున్నప్పుడు మంచి కాలు చడీచప్పుడు లేకుండా ఎక్కువ భారం తన మీద వేసుకుంటుంది. ఒంటికాలితో తోసినా క్వాడ్రిసెప్స్ చేయాల్సిన పనిలో కొంత పిరుదు కండరం చేసిపెడుతుంది. గుంజీలా కూర్చుని లేచే స్క్వాట్‌లోనూ ఇదే తంతు. అద్దం ముందు నిలబడి చేస్తే, లేచేటప్పుడు నడుము మంచి కాలివైపు ఒరగడం స్పష్టంగా కనిపించేది.

కూర్చుని మోకాలు చాపే లెగ్ ఎక్స్‌టెన్షన్ యంత్రంలో ఈ పంపకాలు కుదరవు. అక్కడ పనిచేసేది క్వాడ్రిసెప్స్ ఒక్కటే. చాలామంది దీన్ని ఏసీఎల్ వారికి పూర్తిగా నిషేధిస్తారు, ఆ భయానికి కారణం లేకపోలేదు. పాదం గాలిలో ఉండి క్వాడ్రిసెప్స్ మాత్రమే లాగినప్పుడు మోకాలి కింది ఎముక ముందుకు జరగాలని చూస్తుంది, దాన్ని ఆపే భారం గ్రాఫ్ట్ మీద పడుతుంది. అయితే ఇది కోణాన్ని బట్టి, సమయాన్ని బట్టి మారే విషయం. 2016లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన మార్గదర్శకాలు ఈ కదలికను నాలుగో వారం నుంచే 90 నుంచి 45 డిగ్రీల మధ్య చేయవచ్చని, ఆపైన వారం వారం పరిధి పెంచుకుంటూ ఎనిమిదో వారానికి పూర్తిగా చాపవచ్చని చెప్పాయి. హామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ ఉన్నవారు మాత్రం మొదటి 12 వారాలు దీనికి అదనపు బరువు పెట్టకూడదన్నాయి. నా ఫిజియోథెరపిస్టు కూడా అదే దారిలో నడిపించారు. గడువు దాటాక, కాలి ముందు ప్యాడ్‌ను కాస్త పైకి, మోకాలివైపు జరిపి, ఒంటికాలితో మొదలుపెట్టించారు.

ఆ మొదటి కొలత నాకు బాగా గుర్తుంది. మంచి కాలు 40 కిలోలను సాఫీగా లేపితే, ఆపరేషన్ కాలు 15 కిలోల దగ్గరే వణికింది. అదే వారం లెగ్ ప్రెస్‌లో రెండు కాళ్లకూ తేడా దాదాపు కనిపించలేదు. మామూలుగా నడుస్తున్నాను, మెట్లు దిగుతున్నాను, నొప్పి లేదు. ఈ యంత్రం మీద కూర్చోకపోయి ఉంటే కోలుకున్నాననే అనుకునేవాణ్ని. కాబట్టి లెగ్ ఎక్స్‌టెన్షన్‌ను వ్యాయామంగానే కాదు, నిజం చెప్పే తూకంగా కూడా చూడాలి. రెండు విధాలా దీనికే నా పూర్తి మార్కులు.

బరువు ఎంత పెట్టాలి, ఎప్పుడు పెంచాలి అన్న ప్రశ్నకు జవాబు కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో వైద్యుడిగా ఉన్న థామస్ డెలార్మ్, గాయపడిన సైనికుల తొడ కండరాలను భారీ బరువులతో తిరిగి పెంచిన తీరును 1945లో ప్రచురించారు. తర్వాత దాన్ని సరళం చేసి మూడు సెట్లకు కుదించారు. పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును కనుక్కుని, మొదటి సెట్‌లో దానిలో 50 శాతం, రెండో సెట్‌లో 75 శాతం, మూడో సెట్‌లో మొత్తం బరువు ఎత్తాలి. నేను చాలాకాలం ఇదే పద్ధతిలో చేశాను. చివరి సెట్‌లో అనుకున్న దానికన్నా ఒకటి రెండు సార్లు ఎక్కువ చేయగలిగితే తర్వాతి విడతలో బరువు 2 నుంచి 10 శాతం పెంచడం, దించేటప్పుడు మూడు సెకన్లు తీసుకోవడం, వారంలో రెండు మూడు రోజులు చేసి మధ్యలో కనీసం ఒకరోజు విశ్రాంతి ఇవ్వడం నా నియమాలు. ఇరవై సార్లు అలవోకగా చేయగల బరువుతో ఎన్ని నెలలు గడిపినా బలం పెద్దగా పెరగదు. చాలా వ్యాయామ పత్రాల మీద నాకున్న కోపం ఇదే. నాకు మొదట ఇచ్చిన కాగితంలో బొమ్మలున్నాయి, ఎన్నిసార్లు చేయాలో ఉంది, బరువు ఎప్పుడు పెంచాలన్న మాట మాత్రం ఒక్కచోటా లేదు. ఔషధం పేరు రాసి మోతాదు రాయకపోతే ఎలా?

పెంచడానికి ఎంత పట్టుదల కావాలో ఆగడానికి అంత శ్రద్ధ కావాలి. వ్యాయామం చేస్తున్నప్పటి నొప్పి కన్నా మర్నాటి ఉదయం మోకాలు ఎలా ఉందన్నదే నాకు ఎక్కువ విషయం చెప్పింది. వాపును చూసే సులువైన పరీక్ష ఒకటి ఫిజియోథెరపిస్టు నేర్పారు. కాలు చాపుకుని, చిప్పకు లోపలివైపున్న పల్లాన్ని అరచేతితో పైకి తుడవాలి. తర్వాత బయటివైపు పైనుంచి కిందికి తుడవాలి. లోపల నీరుంటే ఖాళీ అయిన ఆ పల్లంలో చిన్న ఉబ్బు పాకుతూ వస్తుంది. అది కనిపించిన రోజున బరువు పెంచలేదు. ముందురోజు కన్నా ఎక్కువగా ఉంటే తగ్గించాను కూడా. ఇంకొక హెచ్చరిక: జంతువుల మీద జరిగిన పరిశోధనల్లో గ్రాఫ్ట్ అమర్చిన తొలి రోజుల కన్నా కొన్ని వారాల తర్వాతే బలహీనంగా కనిపించింది. దానిలోని పాత కణాలు పోయి కొత్త రక్తనాళాలు, కణాలు చేరే కాలం అది. మనకు నొప్పి తగ్గి ధైర్యం వచ్చేదీ దాదాపు అప్పుడే.

మిగతా కండరాలను క్లుప్తంగా చెబుతాను. పిక్కలకు మోకాలు వంచి మడమలు పైకెత్తే కాఫ్ రైజ్, పిరుదులకు డంబెళ్లు పట్టుకుని నడుము దగ్గర వంగి లేచే డెడ్‌లిఫ్ట్, అదుపు కోసం మెట్టు మీద నుంచి ఒంటికాలితో నెమ్మదిగా దిగడం నాకు సరిపోయాయి. మంచి కాలిని వదిలేయవద్దు. దానికి బరువు పెడితే రెండో కాలికి కూడా కొంత బలం నిలుస్తుంది, ఇది నాడీవ్యవస్థ ద్వారా జరిగే ప్రభావం.

మళ్లీ ఆటలోకి ఎప్పుడు దిగాలన్న ప్రశ్న దగ్గర నేను ఎవరితోనూ రాజీపడను. అమెరికాలోని డెలావేర్, నార్వేలోని ఓస్లో పరిశోధకులు కలిసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకు ఆటను వాయిదా వేసిన ఒక్కో నెలకు మళ్లీ గాయపడే ప్రమాదం 51 శాతం చొప్పున తగ్గింది. ఆటకు సిద్ధమా కాదా అని చూసే పరీక్షలు దాటకుండా వెళ్లినవారిలో 38.2 శాతం మంది మళ్లీ గాయపడితే, దాటినవారిలో ఆ సంఖ్య 5.6 శాతం. ఆ పరీక్షల్లో క్వాడ్రిసెప్స్ బలం ఒకటి. ఆపరేషన్ కాలు మంచి కాలి బలంలో కనీసం 90 శాతానికి చేరాలి. ఒంటికాలి గెంతు దూరాన్ని మాత్రమే చూసి సంతోషపడవద్దు. ఆ దూరంలో తుంటి, చీలమండల వాటా పెద్దది, బలహీనమైన మోకాలు వాటి వెనక దాక్కోగలదు. ఆ 90 శాతంలోనూ ఒక చిక్కుంది. నెలల తరబడి విశ్రాంతిలో మంచి కాలు కూడా బలం కోల్పోతుంది కాబట్టి కొలబద్దే కుంచించుకుపోతుంది. వీలుంటే ఆపరేషన్‌కు ముందే మంచి కాలి బలాన్ని కొలిపించుకుని రాసి పెట్టుకోండి.

ప్రస్తుతం లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో నా రెండు కాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. వారంలో రెండు రోజులు కొనసాగిస్తున్నాను. మిగిలిన లోటు తొడ వెనక ఉంది. బోర్లా పడుకుని మడమను పిరుదుకు దగ్గరగా తెచ్చే చివరి కొద్ది డిగ్రీల్లో ఆపరేషన్ కాలు ఇంకా వెనకబడే ఉంది. హామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ తీసినవారిలో ఇది తరచుగా కనిపించేదే. అందుకే ఈమధ్య లెగ్ కర్ల్ యంత్రంలో బరువు కాస్త తగ్గించి, కాలు పూర్తిగా ముడుచుకున్న చోట కొన్ని సెకన్లు ఆపి పట్టి ఉంచడం మొదలుపెట్టాను.