తెలుగు బ్లాగుకి పనికొచ్చిన సామాను, పనికిరాని హంగులు: ఏళ్ళ తరబడి వాడాక నా సమీక్ష

బ్లాగు నడపడానికి బ్లాగర్ మేలా వర్డ్‌ప్రెస్ మేలా అని ఇంగ్లీషులో బోలెడు సమీక్షలున్నాయి గానీ తెలుగులో రాసుకునేవాళ్ళకి వాటిల్లో అక్కరకొచ్చేది చాలా తక్కువ, ఎందుకంటే అవి రాసినవాళ్ళ అక్షరాలకి ఒత్తులుండవు, గుడులుండవు. నేను రెండూ వాడాను, ఇప్పటికీ ఒక బ్లాగు దాంట్లో ఒకటి దీంట్లో నడుస్తున్నాయి. నా మటుకు నాకు తేలిందేంటంటే కూర్చుని మార్చుకోవాల్సినవి రెండే: మనం టైపు చేసే పద్ధతి, చదివేవాళ్ళకి అక్షరం కనపడే తీరు. మిగతా స్లైడర్లు, పాపప్‌లు, పక్కన తిరిగే విడ్జెట్లు అన్నీ తీరికున్నవాళ్ళ సరదా, నాక్కూడా ఆ సరదా బాగానే ఉండేది లెండి.

ముందు టైపింగు సంగతి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో రాయడం సంగతి దేవుడెరుగు, చదవడమే పెద్ద పని. కంట్రోల్ ప్యానెల్లో రీజనల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్న చోట టిక్కు పెడితే ఎక్స్‌పీ సీడీ అడిగేది, ఇంటర్నెట్ సెంటర్లో ఆ సీడీ ఎవరిస్తారు మనకి? టిక్కు పెట్టకపోతే గుడి ఒకచోట, హల్లు ఒకచోట, మధ్యలో సున్నా చుట్టి పొల్లు. అప్పట్లో వీవెన్ గారు చేసిన లేఖిని సైటు లేకపోతే నాలాంటి వాళ్ళు బ్లాగు మొదలెట్టేవాళ్ళే కాదు. పైన పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కింద పెట్టెలో తెలుగు వస్తుంది, కాపీ చేసి పోస్టులో అతికించడమే, ఇన్‌స్టాల్ చేసేదేమీ ఉండదు కాబట్టి ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా పని జరిగిపోయేది. పెద్ద ఎన్ కొడితే ణ, పెద్ద ఎల్ కొడితే ళ, ఇవన్నీ వేళ్ళకి అలవాటైపోయి ఆఫీసు మెయిల్లో కూడా మధ్యలో పెద్దక్షరాలు పడేవి.

తర్వాత ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకున్నాను. నేర్చుకునేటప్పుడు చిరాకే, ఒక్క పేరా రాయడానికి పూటంతా పడుతుంది. కానీ దాని అమరిక చూడండి, అచ్చులు గుణింతాలు ఎడంచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి, పొల్లు డీ మీద, క కే మీద, ర జే మీద. తెలుగులో హల్లు తర్వాత గుణింతం, మళ్ళీ హల్లు, మళ్ళీ గుణింతం ఇలాగే పోతుంది కదా, అందుకని రెండు చేతులూ వంతులేసుకున్నట్టు పడతాయి. ఇంకో లాభం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఇది ముందే ఉంటుంది, ఏదీ దించుకోనక్కర్లేదు, ఫలానా సాఫ్ట్‌వేర్ ఆపేశారట అన్న బాధ ఉండదు. కుదరదు అనుకునేవాళ్ళకి 2019లో విండోస్ 10లో వచ్చిన తెలుగు ఫొనెటిక్ కీబోర్డు పర్లేదు, ఐతే అది మన మనసులో మాట ఊహించి చూపిస్తూ ఉంటుంది, మనం చూసుకోకుండా ఎంటర్ కొట్టామా, దాని మాటే పడుతుంది.

ఇక బ్లాగర్. 1999లో పైరా ల్యాబ్స్ మొదలెట్టింది, 2003లో గూగుల్ కొనుక్కుంది, అప్పట్నుంచీ రేపో మాపో మూసేస్తారని జనం అంటూనే ఉన్నారు, అది నడుస్తూనే ఉంది. దీంట్లో నాకు నచ్చింది టెంప్లేటు, అంటే బ్లాగు రూపాన్ని తీర్చే కోడ్ మొత్తం మన చేతికిచ్చెయ్యడం, అదీ ఫ్రీగా. మొదట్లో ఆ కోడ్ చూస్తే కళ్ళు తిరుగుతాయి గానీ అది ఎక్స్‌ఎంఎల్ (చిన్న తప్పు కూడా ఒప్పుకోని రాత పద్ధతి) అన్న ఒక్క సంగతి గుర్తుంటే సగం గండాలు గడిచినట్టే. ఉదాహరణకి రెండు ఫాంట్లు కలిపి ఒకే లింకులో పెట్టాలంటే మధ్యలో యాంపర్‌శాండ్ (&) వస్తుంది, దాన్ని ఉన్నదున్నట్టు పెడితే టెంప్లేటు సేవ్ అవ్వదు, దాని వెనక ఏఎంపీ అని, సెమీకోలన్ అని తోక తగిలించాలి. చాలామంది ఇక్కడే విసుగొచ్చి వదిలేస్తారు. అసలు చిన్న చిన్న మార్పులకి టెంప్లేటు జోలికే పోనక్కర్లేదు, థీమ్‌లో కస్టమైజ్‌లోకి వెళ్తే సీఎస్ఎస్ (అక్షరాల సైజు, రంగు, ఎడం లాంటివి చెప్పే కోడ్) రాసుకునే పెట్టె ఉంది, అక్కడ రాసుకుంటే నచ్చకపోతే తీసేయ్యడమూ తేలికే.

బ్లాగర్‌లో తెలుగువాళ్ళందరికీ తెలిసిన తద్దినం లింకుల సంగతి. శీర్షిక పూర్తిగా తెలుగులో పెడితే లింకులో తెలుగు రాదు, "బ్లాగ్-పోస్ట్" అని ఇంగ్లీషులో పడుతుంది, అదే నెలలో ఇంకోటి రాస్తే దానికి పక్కన ఒక అంకె. అందుకని ముందు ఇంగ్లీషు శీర్షికతో పబ్లిష్ చేసి వెంటనే తెలుగులోకి మార్చే చిట్కా ఒకరి నుంచి ఒకరం నేర్చుకున్నాం. తర్వాత సొంతంగా లింకు రాసుకునే ఆప్షన్ ఇచ్చారు గానీ దాంట్లోనూ ఇంగ్లీషు అక్షరాలే పడతాయి.

వర్డ్‌ప్రెస్ ఈ విషయంలో ఉదారంగా ఉంటుంది, తెలుగు లింకు ఇస్తుంది, ఇచ్చి సగంలో కోసేస్తుంది. దాని డేటాబేసులో లింకు పేరుకి 200 అక్షరాల చోటే ఉంది. మన ఒక్కో అక్షరం, గుడీ పొల్లూ కూడా విడివిడిగా లెక్కే, కోడ్‌లోకి మారితే తొమ్మిదేసి చోట్లు తింటుంది, అంటే మహా అయితే ఇరవై రెండు అక్షరాలు పడతాయి. "అమ్మమ్మగారింటి వేసవి సెలవులు" అని శీర్షిక పెట్టారనుకోండి, లింకులో "అమ్మమ్మగారింటి-వేసవి-సెల" దాకా వచ్చి ఆగిపోతుంది! పైగా ఆ లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే పర్సెంటు, ఈ, సున్నా, మళ్ళీ పర్సెంటు, బీ, సున్నా అంటూ జానెడు పొడుగు గీత వస్తుంది, అవతలివాళ్ళు అదేదో వైరస్ అనుకుని నొక్కరు. కాబట్టి ఇక్కడ కూడా నేను లింకు చేత్తోనే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాను, చివరికి రెండు చోట్లా అదే పని.

అక్షరం కనపడే తీరు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, నేను ఎక్కువ టైమ్ పెట్టింది దీనిమీదే. థీములన్నీ ఇంగ్లీషు చూసుకుని చేసినవే, లైన్‌కీ లైన్‌కీ మధ్య ఎడం ఒకటిన్నర కంటే తక్కువే పెడతారు. ఇంగ్లీషుకి అది చక్కగా ఉంటుంది. మన "లక్ష్మి" చూడండి, పైన గుడి, కింద ష ఒత్తు, దాని కింద మ ఒత్తు. పై లైన్లో లక్ష్మి వచ్చి సరిగ్గా దాని కింద లైన్లో ఏ "శ్రీ"యో "కై"యో పడితే ఒత్తు పోయి గుడికి తగులుతుంది. నేను ఎక్కడైనా లైన్-హైట్ 1.8 పెట్టేస్తాను, అక్షరం సైజు 18 పిక్సెళ్ళు, ఈ రెండూ మారిస్తే చాలు బ్లాగు సగం బాగుపడుతుంది. శీర్షికల దగ్గర కొన్ని థీములు పెట్టె ఎత్తు బిగించేసి దాటిందాన్ని దాచేస్తాయి, అప్పుడు ఒత్తులు మోకాళ్ళ దాకా తెగిపోయి కనపడతాయి, అది కూడా చూసుకోవాలి.

ఇంకా, కోట్ చేసిన మాటలు థీము ఇటాలిక్‌లో చూపిస్తుంది. తెలుగు ఫాంట్లకి ఇటాలిక్ ఎక్కడిది, బ్రౌజరే ఉన్న అక్షరాన్ని పక్కకి వంచేస్తుంది, గాలికి ఒరిగిన వరిచేనులా ఉంటుంది. అది తీసేసి పక్కన ఒక రంగు గీత పెట్టుకున్నా. బోల్డ్ కూడా అంతే. 2014 చివర్లో గూగుల్ ఫాంట్స్‌లోకి తెలుగు ఫాంట్లు వరసగా వచ్చినప్పుడు పండగ చేసుకున్నాం, మండలి, మల్లన్న, రామభద్ర, ఎన్టీఆర్ అన్నీ పెట్టి చూశాను. మండలి పేరాలకి హాయిగా ఉంటుంది, ఐతే ఒకే మందంలో దొరుకుతుంది, బోల్డ్ పెడితే బ్రౌజర్ దొంగ బోల్డ్ చేస్తుంది, ఘ, ఝ లాంటి అక్షరాల్లో ఖాళీలన్నీ పూడుకుపోతాయి. రామభద్ర శీర్షికలకి మాత్రమే, దాంతో పేరా రాస్తే సినిమా వాల్‌పోస్టరే. ఇప్పుడు నేను వాడేది నోటో సాన్స్ తెలుగు, సన్నం నుంచి లావు దాకా అన్ని మందాలూ ఉన్నాయి, అందం కొంచెం తక్కువే, చదవడానికి ఏ ఇబ్బందీ లేదు.

లేబుళ్ళ (పోస్టు దేని గురించో చెప్పడానికి తగిలించే మాటల) దగ్గర ఒక తమాషా. "సాఫ్ట్‌వేర్" అన్న లేబుల్ పక్కపట్టీలో రెండుసార్లు వస్తుంది, ఎంత చూసినా రెండూ ఒకటే. ఒకదాని చివర కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటుంది, పొల్లు విడిగా నిలబడాలంటే పెట్టే జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు దాన్ని పొల్లు తర్వాత వాటంతటవే పెట్టేస్తాయి, కొన్ని పెట్టవు, బ్లాగుకి మాత్రం అవి రెండు వేరే మాటలు. ఫోన్‌లో కొంత కంప్యూటర్లో కొంత రాసేవాళ్ళు పాత లేబుల్‌నే జాబితాలోంచి ఎంచుకోండి, మళ్ళీ టైపు చెయ్యకండి.

సొంత హోస్టింగు (సర్వర్ మీద అద్దె చోటు) తీసుకుని వర్డ్‌ప్రెస్ పెట్టినప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పాలి. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చారు, రెన్యువల్ అప్పుడు చుక్కలు చూపించారు, సరే అది అందరికీ తెలిసిందే. సర్వర్ మారుస్తున్నాం అని మెయిల్ పెట్టి మార్చాక చూస్తే పోస్టులన్నీ ప్రశ్నార్థకాలు, డేటాబేసుని యూనికోడ్ (తెలుగు అక్షరాల్ని దాచుకునే పద్ధతి) లేకుండా తరలించారన్నమాట. సపోర్టతను "సైట్ ఓపెన్ అవుతోంది కదా సార్" అంటాడు. నా దగ్గర ఎక్స్‌పోర్ట్ ఫైల్ ఉంది కాబట్టి వేరే చోట మళ్ళీ నిలబెట్టుకున్నా. ప్లగిన్లు (అదనపు పనులకి తగిలించే ముక్కలు) ఎన్ని తక్కువుంటే అంత మంచిది, మార్పులేమైనా చైల్డ్ థీమ్‌లోనే (అసలు థీమ్‌ని ముట్టకుండా దాని మీద పెట్టుకునే చిన్న థీమ్) చెయ్యాలి లేకపోతే అప్‌డేట్ వచ్చినప్పుడు తుడిచిపెట్టుకుపోతాయి. ఉత్త సీఎస్ఎస్ ఐతే వర్డ్‌ప్రెస్ 4.7 నుంచీ కస్టమైజర్లోనే చోటుంది, అది చాలు.

2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 5.0తో పాటు గూటెన్‌బర్గ్ అనే కొత్త ఎడిటర్ వచ్చింది, ప్రతి పేరా ఒక ఇటుక. ఫొటోలు ఎక్కువ పెట్టేవాళ్ళకి బావుంటుందేమో, నాలాగా ఏకబిగిన రాసేవాళ్ళకి ఎంటర్ కొట్టినప్పుడల్లా కొత్త పెట్టె పుట్టడం చికాకు, నేను ఇప్పటికీ క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్‌తోనే కాలక్షేపం చేస్తున్నా. నిజానికి నేను వాడిన అన్నిట్లోకీ హాయైన ఎడిటర్ విండోస్ లైవ్ రైటర్. కరెంటు పోయినా నెట్ పోయినా ల్యాప్‌టాప్‌లో రాసుకుని తర్వాత ఒక్క బటన్‌తో బ్లాగుకెక్కించేవాళ్ళం, పైగా మన థీమ్‌లో ఎలా కనపడుతుందో అలాగే చూపించేది. 2015 చివర్లో దాన్ని ఓపెన్ సోర్స్ చేసి ఓపెన్ లైవ్ రైటర్ అన్నారు, ఆ పాత హాయి మాత్రం నాకు దొరకలేదు.

చదివేవాళ్ళు వచ్చే దారులు కూడా సామానులో భాగమే గానీ అవి మన చేతుల్లో లేవు. తెలుగు బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకచోట చూపించే కూడలిలో పోస్టు కనపడితే గంటలో కామెంట్లు, ఆ రోజులు పోయాయి. నచ్చిన బ్లాగులన్నీ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూసేశారు, కొత్త పోస్టుల్ని మెయిల్లో పంపే ఫీడ్‌బర్నర్ సబ్‌స్క్రిప్షన్లు 2021లో ఆపేశారు. ఆపేముందు మెయిల్ అడ్రసుల జాబితా దించుకునే వీలిచ్చారు, దించుకున్నాను, ఇప్పుడు కొత్త పోస్టు రాస్తే వాళ్ళకి నేనే మెయిల్ పెడుతున్నా.

కొత్తగా మొదలెట్టేవాళ్ళు అడిగితే బ్లాగర్ అనే చెప్తాను, ఇందాక చెప్పిన లైన్-హైట్, ఫాంటు, ఇటాలిక్ మార్పులు చేసుకుని రాయడం మొదలెట్టండి. బ్యాకప్ ఫైల్ నెలకోసారి దించుకోండి, ఐతే అందులో ఫొటోలు కూడా వచ్చాయో లేదో చూసుకోండి, రాకపోతే అవి వేరేగా దాచుకోవాలి. డబ్బు పెట్టగలిగి, అప్‌డేట్లు చూసుకునే ఓపికుంటే వర్డ్‌ప్రెస్. ఈమధ్య మా తమ్ముడు హ్యూగో అని బ్లాగు తయారుచేసే సాధనం పెట్టిచ్చాడు, డేటాబేసు గొడవ లేదు, ఉత్త ఫైళ్ళే, గిట్‌హబ్ పేజెస్ అనే చోట ఊరికే పెట్టుకోవచ్చు. కామెంట్లకి మాత్రం దాంట్లో ఏమీ ఉండదు, వేరే సర్వీసేదో తగిలించాలి, మా పాఠకుల్లో సగం మంది లాగిన్ అనగానే వెనక్కి పోయే రకం కాబట్టి అది తేలేదాకా పాత బ్లాగుల్ని కదపట్లేదు.