కొలంబో దారా, ఢాకా దారా?

2022లో శ్రీలంక, 2024లో బంగ్లాదేశ్. రెండు చోట్లా జనం తిరగబడితే పాలకులు దేశం విడిచి పారిపోయారు. అప్పటినుంచి నలుగురు కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటే చాలు, ఈ రెండింటిలో ఏది మేలైన దారి అనే ప్రశ్న రాకుండా ఉండదు. 2025 సెప్టెంబరులో నేపాల్ కూడా వీటికి తోడయ్యాక నన్ను అడిగేవారు మరీ ఎక్కువయ్యారు. జరిగిన కథ అందరికీ తెలిసిందే. కొలంబోలోని అధ్యక్ష భవనం ఈతకొలనులో కుర్రాళ్లు మునకలు వేయడం టీవీలో చూడనివారు లేరు. నా దృష్టి ఆ మర్నాటి మీద ఉంది. ఖాళీ అయిన కుర్చీలో ఎవరు కూర్చున్నారు, ఏ నిబంధన ప్రకారం కూర్చున్నారు, ఓడిపోయిన పక్షాన్ని ఏం చేశారు?

కొలంబోలో జరిగింది చూడటానికి ఏమంత బాగుండదు. అధ్యక్షుడు గొటబయ రాజపక్స 2022 జూలై 14న సింగపూర్ నుంచి రాజీనామా పంపారు. మిగిలిన పదవీకాలానికి అధ్యక్షుణ్ని పార్లమెంటే ఎన్నుకోవాలని అక్కడి రాజ్యాంగం చెబుతోంది. జూలై 20న ఓటింగు జరిగితే అప్పటికి తాత్కాలిక అధ్యక్షుడిగా ఉన్న రణిల్ విక్రమసింఘెకు 134 ఓట్లు, డలస్ అలహప్పెరుమకు 82, అనుర కుమార దిసనాయకెకు 3 వచ్చాయి. రణిల్ పార్టీకి సభలో ఉన్నది ఆయన ఒక్కరే, అదీ పార్టీకి దేశమంతటా వచ్చిన ఓట్లను బట్టి ఇచ్చే జాతీయ జాబితా పుణ్యాన దక్కిన సీటు. ఆయనను గెలిపించింది ప్రధానంగా రాజపక్సల పార్టీ ఓట్లే. నెలల తరబడి కొలంబో సముద్రతీరంలోని గాల్ ఫేస్ మైదానంలో గుడారాలు వేసుకుని కూర్చున్న నిరసనకారులకు ఒళ్లు మండదా? పైగా రెండు రోజులకే సైన్యం రాత్రివేళ వచ్చి ఆ గుడారాలను పీకేసింది. 2023 మార్చిలో జరగాల్సిన స్థానిక ఎన్నికలను డబ్బు లేదంటూ వాయిదా వేశారు. ఇది ప్రాథమిక హక్కుల ఉల్లంఘనేనని తర్వాత సుప్రీంకోర్టు తేల్చింది.

అయినా నేను కొలంబో వైపే మొగ్గుతాను. 2024 సెప్టెంబరులో అధ్యక్ష ఎన్నిక జరిగింది. పార్లమెంటులో 3 ఓట్లు తెచ్చుకున్న దిసనాయకె దేశాధ్యక్షుడయ్యారు, రణిల్ మూడో స్థానంతో సరిపెట్టుకున్నారు. అసలు విషయం ఇంకొకటి ఉంది. రాజపక్సల పార్టీని ఎవరూ నిషేధించలేదు. గొటబయ అన్న మహింద కొడుకు నమల్ రాజపక్స బరిలోకి దిగితే 3 శాతం ఓట్లు కూడా పడలేదు. 2020లో 145 సీట్లు గెలిచిన ఆ పార్టీ 2024 నవంబరులో 3 సీట్లకు పడిపోయింది. మమ్మల్ని అన్యాయంగా తొక్కేశారని ఆ కుటుంబం ఇప్పుడు ఎవరితో చెప్పుకోగలదు? తిరస్కరించింది ఓటరు.

ఢాకాలో ఈ లెక్క తేలలేదు. 2024 ఆగస్టు 5న ప్రధాని షేక్ హసీనా భారత్‌కు వచ్చేశారు, మర్నాడు పార్లమెంటు రద్దయింది, 8న నోబెల్ గ్రహీత మహమ్మద్ యూనస్ ప్రధాన సలహాదారుగా, అంటే తాత్కాలిక ప్రభుత్వ అధినేతగా ప్రమాణం చేశారు. 2025 మేలో హసీనా పార్టీ అవామీ లీగ్ కార్యకలాపాలను నిషేధించారు. 2026 ఫిబ్రవరి ఎన్నికల్లో ఆ పార్టీ బరిలో లేదు. జనంలో దానికి ఇంకా ఎంత పలుకుబడి ఉందో, ఎంత పోయిందో తేల్చే అంకె లేదు. ఆ అంకె లేనంతకాలం హసీనా అనుచరులు బాధితుల వేషం వేసుకోవచ్చు, వేసుకుంటున్నారు కూడా.

అలాగని యూనస్ బృందం మీదే తప్పంతా రుద్దడం న్యాయం కాదు. అక్కడ పారిన రక్తం వేరు. నిరసనల కాలంలో 1,400 మంది దాకా చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా వేసింది. పిల్లల శవాలను మోసిన వీధుల్లో నిలబడి, చంపించిన పార్టీకి ఓటు చీటీలో గుర్తు ఇవ్వాలని చెప్పడం ఎవరికైనా కష్టమే. కొలంబో దారి పట్టడానికి వాళ్ల దగ్గర పరువున్న పార్లమెంటూ లేదు. 2014లో 300 సీట్లలో 153 పోటీ లేకుండానే ఏకగ్రీవమయ్యాయి. 2024 జనవరి ఎన్నికలను ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించింది. ఆ సభ కొత్త నాయకుణ్ని ఎన్నుకుంటే రోడ్డు మీదున్నవారు ఒప్పుకుంటారా? ఎన్నికల సమయంలో తటస్థ ప్రభుత్వం ఉండాలని 1996లో రాజ్యాంగంలో చేర్చిన ఏర్పాటును 2011లో తీసేసింది హసీనా ప్రభుత్వమే. శ్రీలంకలో 2019, 2020 ఎన్నికల ఫలితాలను ప్రత్యర్థులు కూడా ఒప్పుకున్నారు. 2022లో ఆ పార్లమెంటు ఓటుకు చెల్లుబాటు ఉండటానికి కారణం అదే.

సంస్కరణల విషయంలో మాత్రం ఢాకాకే ఎక్కువ మార్కులు వేస్తాను. ప్రధాని పదవికి పదేళ్ల పరిమితి పెట్టాలని పార్టీలు ఒప్పుకున్న సంస్కరణల పత్రం జూలై చార్టర్‌లో రాసుకున్నారు. శ్రీలంకలో పాలనాధికారాలన్నీ ఒక్కరి చేతిలో పెట్టే కార్యనిర్వాహక అధ్యక్ష పదవిని రద్దు చేస్తామని 1994 నుంచి నాయకులు చెబుతూనే ఉన్నారు, గెలిచాక ఆ కుర్చీ ఎవరికీ చేదనిపించదు. ఆర్థిక సంక్షోభానికి రాజపక్స సోదరులు బాధ్యులని 2023 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది గానీ, ఆ తీర్పులో శిక్ష లేదు. నిరసనల అణచివేత కేసులు విచారించిన ఢాకా ట్రిబ్యునల్ మరో కొసకు పోయి, నిందితురాలు ఎదుట లేకుండానే 2025 నవంబరులో హసీనాకు మరణశిక్ష వేసింది.

నేపాల్ సంగతి క్లుప్తంగా చెబుతాను. పార్లమెంటు సభ్యురాలు కాని మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీని ప్రధానిని చేసి, ప్రతినిధుల సభను రద్దు చేసి, 2026 మార్చి 5కు ఎన్నికల తేదీ ప్రకటించారు. నిబంధనల వరకు చూస్తే ఇది ఢాకా పద్ధతే. కానీ పాత పార్టీలను బరిలోంచి తప్పించలేదు, ఎన్నికల తేదీని ముందే చెప్పేశారు. అందుకే దాన్ని నేను కొలంబో పక్కన పెడతాను.