గాలితో దీపం వెలుగుతుందంటూ అమ్ముతున్న గాలిమర కిట్లతో జాగ్రత్త

కోనసీమలోనూ, అటు భీమవరం, నరసాపురం వైపునా పిల్లల కోసం గాలిమర నమూనా కిట్ కొనాలనుకుంటున్న తల్లిదండ్రులకు, తోటి సైన్సు ఉపాధ్యాయులకు ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లోనూ, సైన్సు ఫెయిర్ల సమయంలో పట్టణాల్లోని బొమ్మల దుకాణాల్లోనూ దొరుకుతున్న ఒక రకం కిట్‌లో రెక్కలు తిరిగితే దీపం వెలుగుతుంది గానీ, ఆ వెలుగుకూ గాలికీ ఏ సంబంధమూ లేదు. అడుగుభాగంలో కనబడకుండా అమర్చిన బటన్ బ్యాటరీలే ఆ దీపాన్ని వెలిగిస్తున్నాయి.

ఫిబ్రవరి 28న వచ్చే జాతీయ సైన్సు దినోత్సవానికి ఎనిమిదో తరగతి పిల్లలతో గాలిమరలు చేయించాలని మా ఉన్నత పాఠశాలకు కొన్ని కిట్లు తెప్పించాం. పెట్టె మీద మూడు రెక్కల గాలిమర, దాని పక్కనే దీపాలు వెలుగుతున్న ఇల్లు, గాలి నుంచి కరెంటును మీరే తయారు చేయండి అనే మాట అచ్చువేసి ఉన్నాయి. బిగించి టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టగానే తెల్ల ఎల్ఈడీ ధగధగా వెలిగింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. అయితే ఒక అమ్మాయి తన నమూనాను బల్ల మీద కాస్త గట్టిగా దించినప్పుడు, రెక్కలు కదలకుండానే దీపం మినుక్కుమంది. ఆ పిల్ల బల్ల మీద మళ్లీ తట్టి చూసింది, మళ్లీ వెలిగింది. గాలి లేకుండా కరెంటు ఎలా వచ్చింది సార్ అని తను అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడానికే అడుగు మూత విప్పాం.

మోటారు నుంచి వచ్చే ఎరుపు, నలుపు తీగలు రెండూ ఎక్కడా కలవకుండా, స్తంభం గొట్టంలోనే జిగురుతో అంటించి ఉన్నాయి. ఎల్ఈడీ తీగలు మాత్రం గోరంత సర్క్యూట్ ముక్కకూ, దాని వెనుక పేర్చిన మూడు బటన్ బ్యాటరీలకూ వెళ్లాయి. ఆ ముక్క మీద సన్నని స్ప్రింగు స్విచ్చి ఉంది. పసిపిల్లల లైటు బూట్లలో అడుగు వేసినప్పుడల్లా దీపం వెలిగించేది ఈ రకం స్విచ్చే. రెక్కలు తిరిగితే స్తంభం అదురుతుంది, ఆ అదురుకు స్ప్రింగు తగులుతుంది, తగిలినంతసేపూ బ్యాటరీ కరెంటు దీపానికి చేరుతుంది. మోటారును పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టి, ఉత్త స్తంభాన్ని చేత్తో కదిపినా దీపం వెలుగుతూనే ఉంది. తెప్పించిన కిట్లలో మేము విప్పినవన్నీ ఇలాగే ఉన్నాయి కాబట్టి, ఇది ఏదో ఒక పెట్టెలో దొర్లిన తయారీ లోపం కాదు.

వస్తువు కేవలం నాసిరకం అయివుంటే ఇంత వివరంగా రాసేవాణ్ణి కాదు. అనంతపురం, కర్నూలు ప్రాంతాల పిల్లలకు గుట్టల మీద తిరిగే పెద్ద పెద్ద గాలిమరలు బస్సు కిటికీలోంచే కనిపిస్తాయి. డెల్టాలోని మన పిల్లలకు ఆ అవకాశం తక్కువ, చేతిలోని నమూనాయే వాళ్లకు ఆధారం. వాళ్లు రోజూ చూసేది రొయ్యల చెరువుల్లో నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లను. అక్కడ మనం కరెంటు ఇచ్చి చక్రాన్ని తిప్పుతాం, గాలిమరలో గాలి చక్రాన్ని తిప్పితే మనం కరెంటు తీసుకుంటాం. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ వల్ల, కరెంటు ఇస్తే తిరిగే చిన్న మోటారే, తిప్పితే కరెంటు ఇస్తుంది. ఈ తిరకాసు అర్థమైన క్షణంలో పిల్లవాడి ముఖంలో కనిపించే వెలుగు కోసమే మనం ఈ నమూనాలు చేయిస్తాం. సరిగ్గా ఆ చోటనే ఈ కిట్ అబద్ధం చెబుతోంది. విప్పి చూడని పిల్లలు, తాము గాలి నుంచి కరెంటు తీశామనే నమ్మకంతోనే పెద్దవాళ్లవుతారు.

జిగురులో ఇరికించిన మోటారు తీగలను బయటికి తీసి, వోల్టేజి కొలిచే మల్టీమీటర్‌కు కలిపి, అదే ఫ్యాన్ ముందు పెట్టి చూశాం. అర వోల్టు కూడా రాలేదు. ఎర్ర ఎల్ఈడీ వెలగడానికి సుమారు 1.8 నుంచి 2 వోల్టులు, తెల్లదానికి దాదాపు 3 వోల్టులు కావాలి. బొమ్మ కార్లలో వాడే ఇలాంటి మోటారు నిమిషానికి వేల చుట్లు తిరిగితేనే అంత వోల్టేజి ఇస్తుంది, ఫ్యాన్ గాలికి తిరిగే ఈ రెక్కలకు అంత వేగం రాదు. పైగా రెక్కలు మూడూ మెలిక లేని చదును ప్లాస్టిక్ ముక్కలు. అంటే తయారుచేసినవారికి ఈ మోటారుతో దీపం వెలగదని ముందే తెలుసు, అందుకే తీగలు కలపకుండా వదిలేసి బ్యాటరీ పెట్టారు.

ఇదే కిట్‌ను కాస్త ఎక్కువ ధరకు, సెల్‌ఫోన్ కూడా చార్జ్ చేస్తుందంటూ మరో పెట్టెలో అమ్ముతున్నారు. ఆ మాట ఎంత నిజమో పదో తరగతి పిల్లలు కాగితం మీదే తేల్చగలరు. గాలిలోని శక్తి దాని వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. సెకనుకు 3 మీటర్ల గాలిలో చదరపు మీటరుకు ఉండేది సుమారు 16 వాట్లు. ఈ కిట్ రెక్కల చుట్టు వ్యాసం 15 సెంటీమీటర్లు, కాబట్టి వాటి గుండా పోయే గాలిలో ఉన్న శక్తి మొత్తం కలిపినా ఒక వాట్‌లో మూడో వంతు కూడా లేదు. అందులోనూ ఎంత గొప్ప గాలిమర అయినా 59.3 శాతానికి మించి తీసుకోలేదని 1919లో ఆల్బర్ట్ బెట్జ్ గణితంతో నిరూపించాడు. మామూలు ఫోన్ చార్జర్ ఇచ్చేదే 5 వాట్లు. గాలి వేగం రెట్టింపై సెకనుకు 6 మీటర్లకు చేరినా, ఆ రెక్కల గుండా పోయే గాలిలో ఉండేది రెండున్నర వాట్ల లోపే.

ఇక డబ్బు కంటే, పాఠం కంటే కూడా ముఖ్యమైన సంగతి ఆ బ్యాటరీలది. అడుగు మూతకు మరమేకు (స్క్రూ) లేదు, గోటితో లాగితే ఊడివస్తుంది, బ్యాటరీలు అరచేతిలో రాలిపడతాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని వేడుకుంటున్నాను. బటన్ బ్యాటరీ మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కున్నప్పుడు రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిన గాయం ఏర్పడవచ్చు. పిల్లవాడు మింగాడన్న అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఎక్స్‌రే సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లాలి. 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు ఉండాలన్న నిబంధన 2021 జనవరి 1 నుంచి అమలులో ఉంది. మేము కొన్న పెట్టె మీద ఆ గుర్తు లేదు, తయారీదారు చిరునామా లేదు, లోపల బ్యాటరీలు ఉన్నాయన్న మాట కూడా లేదు.

అమ్మినవారికి ఫొటోలతో సహా రాస్తే, ఇది ప్రదర్శన కోసం చేసిన నమూనా మాత్రమేననీ, సీలు తీసిన పెట్టెలను వెనక్కి తీసుకోబోమనీ జవాబు ఇచ్చారు. సీలు తీయకుండా లోపల ఏముందో కొన్నవారికి ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు సమాధానం రాలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాక, విప్పని పెట్టెల డబ్బు వెనక్కి వచ్చింది. విప్పినవాటి గురించి ఇంకా అడుగుతూనే ఉన్నాం.

దుకాణంలో కొనేవారు డబ్బు చెల్లించే ముందు నమూనాను బల్ల మీద ఒకసారి తట్టి చూడండి. రెక్కలు ఆగి ఉన్నప్పుడు దీపం మినుక్కుమంటే వెనక్కి ఇచ్చేయండి. రెక్కలను చేత్తో వెనక్కి తిప్పి కూడా చూడాలి. ఎల్ఈడీ ఒక దిశ కరెంటుకే వెలుగుతుంది కాబట్టి, నిజంగా మోటారు నుంచే కరెంటు వస్తుంటే, ఒకే ఎల్ఈడీ ఉన్న కిట్‌లో ఒక దిశలో తిప్పితే వెలిగేది రెండో దిశలో తిప్పితే సాధారణంగా వెలగదు. ఎటు తిప్పినా ఒకేలా వెలిగితే లోపల ఏముందో అడగండి. ఆన్‌లైన్‌లో కొనేవారు పెట్టె విప్పడం మొదలుకొని అడుగు మూత తీసేదాకా వీడియో తీసుకుంటే తరువాత వాదన ఉండదు.

అసలు కిట్ అవసరం లేకుండానే ఈ పాఠం చెప్పవచ్చు. మా పిల్లలు ముందు తాటాకు గిరకలు చేసి, తుమ్మముల్లు గుచ్చి, సాయంత్రం పైరగాలికి పట్టుకుని, ఆకు మడత ఎంత వాలుగా ఉంటే ఎంత జోరుగా తిరుగుతుందో చూసుకున్నారు. ఆ తరువాత జిరాక్స్ షాపులో మూలన పడేసిన పాత ప్రింటర్ నుంచి, కాగితాన్ని కొద్దికొద్దిగా జరిపే స్టెప్పర్ మోటారు తీశాం. ఇది నెమ్మదిగా తిరిగినా ఎల్ఈడీకి చాలినంత వోల్టేజి ఇస్తుంది, ఇరుసును వేళ్లతో తిప్పినా దీపం వెలుగుతుంది. అయితే అయస్కాంతం పట్టు వల్ల ఇరుసు కాస్త బిగువుగా ఉంటుంది కాబట్టి, చిన్న రెక్కలు చాలవు. పీవీసీ పైపును నిలువుగా చీల్చి, అడుగు పొడవున, మొదట వెడల్పుగా, చివర సన్నగా కోస్తే పైపు వంపే రెక్కకు కావలసిన ఆకారం ఇస్తుంది. కోతలు పెద్దవాళ్లే కోయాలి, అంచులు గరుకు కాగితంతో రుద్దాలి. దీని నుంచి వచ్చేది దిశ మారే కరెంటు కాబట్టి, ఒకే జత తీగలకు రెండు ఎర్ర ఎల్ఈడీలను ఒకదాని ప్లస్ కాలికి రెండోదాని మైనస్ కాలు వచ్చేలా కలిపితే రెండూ వంతులవారీగా వెలుగుతాయి. మెల్లగా తిప్పినప్పుడు ఆ వంతు కంటికే కనబడుతుంది. ఈ దీపం కిట్ దీపమంత ధగధగలాడదు, గాలి తగ్గితే ఆరిపోతుంది కూడా. గాలి తగ్గినప్పుడు ఆరిపోవడమే సరైన గాలిమర లక్షణమని పిల్లలకు విడమరచి చెప్పాం.

ఇప్పటికే ఈ కిట్ కొన్నవారు ముందుగా బ్యాటరీలు తీసి, పిల్లలకు అందకుండా టేపు చుట్టి ఉంచండి. పెట్టెను, బిల్లును పారేయవద్దు. ఆన్‌లైన్ అమ్మకాల నియమాల ప్రకారం అమ్మే సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము కూడా ఉండదు.