గండికోట చుట్టు: గుర్రమెక్కించే ముందు తంగు చూడండి

అక్క, బావ, పాపతో కర్నూలు, గండికోట, అనంతపురం కలిపి ఒక చుట్టు. పెన్నా లోయ, మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు అన్నీ బాగున్నాయి. బెలుం గుహల్లో ఉక్కపోతకు పెద్దవాళ్లం నీరసపడ్డా పాప హుషారుగానే నడిచింది. వీటి గురించి రాసేవాళ్లు బోలెడుమంది. ఇది గుర్రాల సంగతి. ఏడేళ్ల పిల్ల వెంట ఉంటే గుర్రం కనబడ్డ చోటల్లా ఆగాల్సిందే. అలా మూడు ఊళ్లలో మూడు రకాల జీన్లు చూడడమైంది. పద్ధతి లేని చోటే మాటకారితనం ఎక్కువ.

కర్నూలులో సాయంత్రం ఎగ్జిబిషన్ దగ్గర రౌండుకు 100. జీను పాతదే గానీ తంగు, అంటే పొట్ట కింద బిగించే పట్టీ, మందపాటి కాన్వాసుది. కుట్లు ఎక్కడా లేవలేదు. బిగించాక గుర్రం నడిపేవాడు దాన్ని పది అడుగులు నడిపించి, ఆగి, ఇంకో బెజ్జం లాగి అప్పుడు పిల్లను ఎక్కించాడు. ఆ ఒక్క పనితోనే తెలిసినవాడని అర్థమైంది. తప్పు ఒకటే: నడిపించే తాడును నోట్లోని కళ్లేనికే కట్టి, అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. గుర్రం ఉలిక్కిపడితే దాని నోరూ ఇతని వేళ్లూ రెండూ పోతాయి. తాడును మొహానికి కట్టే పట్టెడకు తగిలించాలి, మిగిలిన తాడును మడతలుగా పట్టుకోవాలి. పాపతో పాటు తానూ ఎక్కుతానని బావ సరదా పడ్డాడు. జీనుతో కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు. 200 కిలోల పొట్టి గుర్రానికి 40 కిలోలే లెక్క. బావ 78. కాసేపు మొహం ముడుచుకున్నాడు.

ఇక గండికోట దగ్గర టెంట్ల క్యాంపు. ముగ్గురు పెద్దలకూ పాపకూ కలిపి రాత్రికి 4,200. ‘పిల్లలకు హార్స్ రైడ్ ఫ్రీ’ అని గేటు దగ్గర బోర్డు. తీరా ఎక్కబోయేసరికి హెల్మెట్ అద్దె 200 అన్నారు. ఇచ్చింది బిల్డింగు పనివాళ్లు పెట్టుకునే పసుపు టోపీ, గడ్డం కింద ఎలాస్టిక్. తల వంచితే ఊడి కిందపడింది. స్వారీ హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి, గడ్డం పట్టీకి బకిల్ ఉండాలి, చేత్తో కదిపితే నుదుటి చర్మం కూడా దాంతోపాటు కదలాలి. లోపలి లేబుల్ మీద ఏఎస్‌టీఎం ఎఫ్1163 లాంటి ప్రమాణం రాసి ఉంటుంది. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనబడ్డా పనికిరాదు.

అంతకన్నా ఘోరం జీను. పెద్దవాళ్ల జీనును పొట్టి గుర్రం మీద వేశారు. రికాబు, అంటే పాదం పెట్టే ఇనుప చట్రం, దాని పట్టీని ఆఖరి బెజ్జం దాకా కుదించినా పాప పాదానికి జానెడు కిందే ఉంది. గుర్రం పట్టుకున్న కుర్రాడు చటుక్కున పాప పాదాలను రికాబుకు పైనున్న తోలుపట్టీ సందుల్లోకి తోసేశాడు. చాలాచోట్ల ఇలాగే చేస్తారు, పిల్ల కదలకుండా ఉంటుందని. పిల్ల పక్కకు జారిందంటే ఆ తోలు చీలమండ చుట్టూ మెలిపడుతుంది, కాలు బయటికి రాదు. బెదిరిన గుర్రం వెంట పిల్ల ఈడ్చుకుపోతుంది. పడితే దెబ్బే. కాలు ఇరుక్కుని పడితే ప్రాణం మీదికే. రికాబు అందకపోతే పట్టీకి కొత్త బెజ్జాలు కొట్టాలి, లేదా చిన్న జీను తేవాలి. రెండూ లేకపోతే ఎక్కించకూడదు.

తంగు సంగతీ అంతే. బిగించేటప్పుడు చాలా గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. నాలుగడుగులు వేసేసరికి అది తగ్గి పట్టీ వదులవుతుంది. ముంగాలి వెనకగా పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి. ఇక్కడ నాలుగు వేళ్లు దూరాయి. జీను ముందు కొమ్ము పట్టుకుని అటూఇటూ ఊపితే మొత్తం పక్కకు తిరిగింది. గుండ్రటి వీపు గుర్రాలకు ఇది మరీ ఎక్కువ. జీను కింద మడతపెట్టిన గోనెపట్టా, దాని ముడత రాసుకుని వీపు మీద అరచేయంత పుండు. పుండు మీద బరువు పడితే ఎంత సాధు గుర్రమైనా ఎగరేస్తుంది.

పాపను దింపేశాం. అది ఏడుపు, అక్కకు చిరాకు, ‘ఒక్క ఫోటో తీసి దింపుదాంలే’ అని బావ. ‘ఇన్నేళ్లలో ఎవురూ పడలేదు సార్’ అన్నాడు మేనేజరు. 200 వెనక్కివ్వమంటే పొద్దున టిఫిన్‌లో దోసె ఎక్స్‌ట్రా ఇస్తామన్నారు. ఎర్రకారం పూసి వేసిన ఆ దోసె మాత్రం అద్భుతంగా ఉంది, అది ఒప్పుకోవాలి. అయినా 4,200కు ఆ క్యాంపు దండగ. రాత్రికి జమ్మలమడుగులో లాడ్జి తీసుకుని తెల్లారే 15 కిలోమీటర్లు వచ్చినా సూర్యోదయం దొరుకుతుంది.

అనంతపురం శివార్లలో ఒక తోటలో స్వారీ నేర్పుతారు. పిల్లలకు అరగంటకు 600. ఖరీదే, కానీ దేనికిస్తున్నామో కంటికి కనబడుతుంది. పిల్లల జీను, రికాబుకు బయటివైపు ఇనుము బదులు రబ్బరు బ్యాండు. పడేటప్పుడు కాలు పక్కకు లాగితే ఆ బ్యాండు ఊడిపోతుంది. రికాబు పట్టీ జీనుకు తగిలే కొక్కెం దగ్గర చిన్న గడియ తెరిచే ఉంచారు, లాగితే పట్టీ మొత్తం జారివస్తుంది. పాప వేళ్లను ఆ కొక్కేనికి ఆనించి, రికాబు చంకకు తగిలేలా పొడవు సరిచేశారు. బూటు అడుగుకు రెండువైపులా అర అంగుళం ఖాళీ ఉందా అని చూశారు. ఇంతకన్నా ఇరుకైతే పాదం ఇరుక్కుంటుంది, వెడల్పైతే దూసుకుపోతుంది. నేల మీంచి ఎక్కిస్తే జీను ఒక పక్కకు లాగుతుందని చెక్క మెట్టు వేశారు. పట్టుకోవడానికి గుర్రం మెడకో పట్టీ కూడా కట్టారు, భయపడ్డ పిల్లలు పగ్గాలు లాగకుండా.

లోపాలు లేకపోలేదు. బాత్రూం దరిద్రం, పెద్దవాళ్లు కూర్చోడానికి నీడ లేదు, అక్క అరగంటా ఎండలోనే నిలబడింది. వేసవిలో అయితే ఏడు గంటలకల్లా వెళ్లండి. చెప్పులతో వస్తే ఎక్కించరు, అద్దె బూట్లూ ఉండవు. కొద్దిగా మడమ ఉన్న బూట్లు, ఫుల్ ప్యాంటు ఇంటి నుంచే తీసుకెళ్లాలి. చున్నీ, వేలాడే వాటర్ బాటిల్ కారులోనే వదిలేయండి.