‘లంపీ’ అనే ఒక్క మాటతో మూడు డిక్షనరీలను తూచి చూస్తే

ఇంగ్లీషు డిక్షనరీ కొనేముందు చాలామంది నోరు తిరగని పెద్ద మాటలు వెతికి చూస్తారు. దానివల్ల తేలేదేం లేదు. అలాంటి మాటలకు చాలావరకు ఒకటే అర్థం, ఏ పుస్తకమైనా సరిగ్గానే చెప్తుంది. సత్తా బయటపడేది ‘లంపీ’ లాంటి చిన్న విశేషణం దగ్గర. నునుపుగా లేనిదాన్ని చెప్పడానికి రఫ్, బంపీ, కోర్స్, లంపీ, అనీవెన్ అంటూ ఇంగ్లీషులో బోలెడు మాటలున్నాయి. ఒకదాని బదులు ఇంకోటి వాడితే వ్యాకరణం చెడదు గానీ, చెప్పదలుచుకున్న వస్తువే మారిపోతుంది.

మెత్తగా, అంతటా ఒకేలా ఉండాల్సినదాంట్లో ఉండలు చేరితే అది లంపీ. మరిగే నీళ్లలో పొడి పిండి ఒక్కసారిగా కుమ్మరిస్తే ఏమవుతుంది? పై పొర వెంటనే ఉడికి జిగురుగా మారి, నీటిని లోపలికి దిగనివ్వదు. ఉండ చిదిమితే నడిమధ్యన పొడి పిండి అలాగే కనిపిస్తుంది. ఆ జావ లంపీ. అదే పిండి బరకగా ఆడితే కోర్స్, అక్కడ రేణువు సైజే తప్ప ఉండలతో పనిలేదు. గతుకుల రోడ్డు బంపీ, చేతికి గరుగ్గా తగిలే గోడ రఫ్. పైన వేలు రాస్తే తెలిసేది రఫ్, నొక్కితేనో కలిపితేనో తెలిసేది లంపీ అని గుర్తుపెట్టుకుంటే చాలా సందర్భాల్లో సరిపోతుంది. దూది అక్కడక్కడా పోగుపడిన పరుపు పైకి చదునుగానే కనిపించవచ్చు, పడుకుంటే గానీ లంపీ అని తెలియదు.

ఇక పుస్తకాలు. లాంగ్‌మన్ కంటెంపరరీ 1978లో మొదటిసారి వచ్చింది. సుమారు 2,000 తేలిక మాటలతోనే అర్థాలన్నీ చెప్పాలన్నది దాని నియమం. అందుకే లంపీకి ‘లంప్’ (ఉండ, గడ్డ) ఊసెత్తకుండా, చిన్న చిన్న గట్టి ముక్కలున్నది అన్నట్టు వివరిస్తుంది. ఇంకో పేజీ తిప్పే పని లేదు. పేచీ అల్లా ఆ ‘చిన్న’ దగ్గరే, పరుపులో ఉండ పిడికిలంత కూడా ఉండొచ్చు కదా. ఇంగ్లీషు బోధకుడు హార్న్‌బీ బృందం తయారుచేయగా 1942లో జపాన్‌లో అచ్చయిన డిక్షనరీయే ఇవాళ ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్‌గా మన చేతికొస్తోంది. ఇది లంప్‌లు నిండినది లంపీ అని తేల్చేస్తుంది. లంప్ తెలియనివాళ్లు మళ్లీ వెతుక్కోవాల్సిందే. అయినా పక్కనే ఇచ్చే సాస్, పరుపు ఉదాహరణలు ఆ లోటు తీరుస్తాయి. 1987లో వచ్చిన కోబిల్డ్ అర్థాన్ని నిండు వాక్యంలో పెడుతుంది. మాట వాక్యంలో ఎలా కూర్చుంటుందో దాంతోనే తెలిసిపోతుంది. రాయడం నేర్చుకునేవాళ్లకు ఇదే మేలు. చదివి అర్థం చేసుకుంటే చాలనుకునేవాళ్లకు లాంగ్‌మన్ చాలు. చివరి వై తీసి ఐ పెట్టి లంపియర్, లంపియెస్ట్ అని రాయాలన్న సంగతికి ఏ పుస్తకమైనా ఒకటే.

ఇంగ్లీషు–తెలుగు యాప్ కొనాలనుకుంటే ఒక్క పరీక్ష పెట్టండి. లంపీకి ‘గడ్డకట్టిన’ అని మాత్రమే చూపిస్తే పక్కన పెట్టేయొచ్చు. గడ్డకట్టడం అంటే మొత్తం పదార్థం గట్టిపడటం, మంచులాగా. లంపీలో చుట్టూ ఉన్నది మెత్తగానే ఉంటుంది. ‘ఉండలు కట్టిన’, ‘గడ్డలు గడ్డలుగా ఉన్న’ అనే రెండూ చూపించాలి. రెండోది ఎందుకంటే, పశువుల చర్మంపై 2 నుంచి 5 సెంటీమీటర్ల గడ్డలు లేచే జబ్బు పేరులోనూ ఇదే లంపీ ఉంది. అక్కడ ‘ఉండలు’ అంటే నవ్వొస్తుంది.

ఆఫీసు ఇంగ్లీషులో కనిపించే ‘లంపీ డిమాండ్’ (ఆగి ఆగి, ఒక్కోసారి ఒక్కో పరిమాణంలో వచ్చే గిరాకీ) కోసం మాత్రం లెర్నర్స్ డిక్షనరీల మీద ఆధారపడొద్దు, స్టాకు నిర్వహణ పుస్తకాలే చూడాలి. వాటిలో దీనికి లెక్క కూడా ఉంది: ఆర్డరుకూ ఆర్డరుకూ మధ్య సగటు విరామం 1.32 పీరియడ్లు (లెక్కకు తీసుకున్న వారం, నెల లాంటి వ్యవధులు) దాటాలి, ఆర్డరు పరిమాణంలో తేడాల కొలత (వేరియేషన్ గుణకం వర్గం) 0.49 దాటాలి. మొదటిది మాత్రమే దాటితే ఇంటర్మిటెంట్, రెండోది మాత్రమే దాటితే ఎర్రాటిక్. రెండూ దాటితేనే లంపీ. దీన్ని ‘హెచ్చుతగ్గుల గిరాకీ’ అని తెలుగు చేస్తే సగమే చెప్పినట్టు, ఎప్పుడొస్తుందో తెలియకపోవడం అందులో రాలేదు.